కోతిది నికోబార్, అడవి హర్యానాలో

గ్రేట్ నికోబార్ కోతులకు శుభవార్త. పోబోతున్న అడవికి బదులు వాటి పేరిట కొత్త అడవి మంజూరైంది. చిరునామా మాత్రం హర్యానా. మధ్యలో బంగాళాఖాతం, ఆ తర్వాత సగం దేశం అడ్డమొస్తాయి గానీ, ప్రయాణం సంగతి కోతులే చూసుకోవాలి.

గ్రేట్ నికోబార్ ద్వీపం దక్షిణాన గలతియా బే దగ్గర కంటైనర్ రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్కేంద్రం కట్టాలట. అందుకు సుమారు 130 చదరపు కిలోమీటర్ల వానల అడవి కావాలి. 2022లో కేంద్రం సూత్రప్రాయంగా సరేనంది. నరికినదానికి బదులు నాటాలి కదా, ఆ దీవుల్లోనే నాటొచ్చుగా? కుదరదు. అండమాన్ నికోబార్‌లో ముప్పాతిక భూమికి పైగా ఇప్పటికే అడవి. మొక్క పెట్టడానికి చోటేదీ? అడవి మరీ ఎక్కువగా ఉంది కాబట్టి దాన్ని కొట్టి, బదులు అడవిని పొడినేలలో పెంచుతారు. ఒకడి పన్ను పీకి ఇంకొకడికి కట్టుడు పన్ను పెట్టి, ఇద్దరి దగ్గరా కలిపి లెక్క సరిపోయిందనే వైద్యుడికి మనం దండం పెట్టాల్సిందే.

నికోబార్ పొడవు తోక కోతి గ్రేట్ నికోబార్, లిటిల్ నికోబార్, కచాల్ దీవుల్లో తప్ప లోకంలో మరెక్కడా అడవిలో బతకదు. మొగలి జాతి పండ్లు, చెట్ల కాయలు, పురుగులు, ఒడ్డున దొరికే పీతలు దాని తిండి. కొబ్బరికాయ దొరికితే గట్టి చోట బాది మరీ తింటుంది. హర్యానాలో పీతలు ఎవరు సరఫరా చేస్తారని అడగబోయాను. అడిగితే అభివృద్ధి నిరోధకుడినంటారు. పైగా అక్కడి ఎర్రమూతి కోతులు ఈ కొత్త చుట్టాలకు కొమ్మ ఇస్తాయో, కరుస్తాయో.

గలతియా బే ఒడ్డున గుడ్లు పెట్టే తాబేళ్లు కాస్త అదృష్టవంతులు. అక్కడి అభయారణ్యాన్ని 2021లో రద్దు చేసినా, వాటికి పక్కనున్న లిటిల్ నికోబార్‌లోనే చోటు చూపించారు. సముద్రంలో ఈదే ప్రాణికి పక్క దీవి, కొమ్మలు పట్టుకు వేలాడే ప్రాణికి హర్యానా!

2004 సునామీ ఈ కోతుల తీరపు అడవిని చాలావరకు ఊడ్చేసింది. తిండి కరువై అవి కొబ్బరి తోటల మీద పడ్డాయి. తోట పోతే రైతు కడుపు మండుతుంది, అతన్ని ఏమనలేం. కుక్కలను ఉసిగొల్పుతాడు, ఉచ్చులు పెడతాడు. ఇప్పుడు ఇంకో 130 చదరపు కిలోమీటర్లు పోతే వాటికి తోటలే దిక్కు. అప్పుడు మనం తీరిగ్గా కోతుల బెడద అని ఒక సమస్య కనిపెట్టి, దానికో కమిటీ వేసుకోవచ్చు. నేరం చేసింది కోతే కదా, ఫిర్యాదు రాయడం కూడా తేలిక.

కొన్నేళ్లకు హర్యానా మొక్కలను తనిఖీ చేయడానికి అధికారి వస్తాడు. నూటికి ఎన్ని బతికాయో రాసుకుంటాడు. వాటి మీదికి ఎన్ని నికోబార్ కోతులు ఎక్కాయో రాయడానికి ఆ పత్రంలో గడి ఉండదు.