ఫారం మీద ఒక్క మాట

మా రోజుల్లో పాథాలజీకి గడ్డ వచ్చిందంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ వెంట వచ్చేవి. ఎక్కడ లేచింది, ఎన్నేళ్లయింది, ఇదివరకు కోయించుకున్నారా, కదిలిస్తే కదులుతోందా అని సర్జన్లు తమ చేత్తో ఫారం నిండా రాసేవారు. అనుమానముంటే వాళ్లే ల్యాబ్‌కి దిగొచ్చి మైక్రోస్కోప్ దగ్గర నా పక్కన కూర్చునేవారు. ఇప్పుడు ఫారం మీద ‘స్వెల్లింగ్’ అని ఒక్క మాట, పైన బార్‌కోడ్. సీసాలో ముక్క గోరంత, అదీ పైతోలు గీకి తీసింది.

పైతోలుతో అన్ని గడ్డలూ తేలతాయా? డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరన్స్ అనే చర్మ క్యాన్సర్‌నే తీసుకోండి. 1924లోనే డారియే, ఫెరాండ్ దాన్ని వర్ణించారు. ఛాతీ మీదో భుజం మీదో లేచి, నొప్పి లేకుండా ఏళ్ల తరబడి నింపాదిగా పెరుగుతుంది. చూసినవాళ్లు కీలాయిడ్ అంటారు, కొవ్వుగడ్డ అంటారు. పైపైన తీసిన ముక్కలో హాని చేయని డెర్మటోఫైబ్రోమాలాగే కనబడుతుంది. దాని గుట్టంతా చర్మం కింది కొవ్వులో ఉంది. సన్నటి కణాలు కొవ్వు కణాల సందుల్లో దూరి, ఒక్కోదాన్నీ చుట్టేసుకుంటూ పోతాయి. స్లైడ్ మీద అచ్చం తేనెపట్టే. కొవ్వే రాని బయాప్సీలో ఆ పట్టు నాకెక్కణ్ణించి కనబడుతుంది?

కొత్త పరీక్షల్ని నేను కాదనను. సీడీ34 స్టెయిన్ వేస్తే ఈ గడ్డకి చాలావరకు నిండుగా రంగు పడుతుంది, డెర్మటోఫైబ్రోమాకి సాధారణంగా పడదు. 17, 22 క్రోమోజోముల ముక్కలు అతుక్కున్నాయేమో ఫిష్ పరీక్షలో తెలిసిపోతుంది. మాకవి ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో! కానీ చేయించాలన్న అనుమానం ముందు రావాలి కదా. ‘కోసిన చోటే మళ్లీ లేచింది’ అని ఫారం మీద రాస్తే చాలు, ఆ అనుమానం దానంతటదే వస్తుంది.

అన్నిటికన్నా నాకు కడుపు మండేది, కొవ్వుగడ్డే కదా అని కోసి బుట్టలో పడేయడం. చుట్టూ 2, 3 సెంటీమీటర్ల మంచి చర్మం కలుపుకొని లోతుగా తీయాల్సినదాన్ని, గడ్డ మట్టుకు ఒలిచి కుట్లు వేసేస్తారు. ఒళ్లంతా పాకడం అరుదే గానీ, ఉన్నచోటే మళ్లీ మళ్లీ లేవడం దాని నైజం. రెండోసారికి కోత పెద్దదవుతుంది, తొడ మీది చర్మం తెచ్చి అతకాల్సి వస్తుంది. ఒక సీసాకీ, కాస్త ఫార్మలిన్‌కీ ఏపాటి ఖర్చని? వాళ్లు పంపకపోతే కోయించుకున్నవాళ్లన్నా గట్టిగా అడగండి: “డాక్టరు గారూ, ముక్క ల్యాబ్‌కి పంపారా? రిపోర్టు ఎప్పుడొస్తుంది?”