అటూ ఇటూ ఒకేసారి

నేను లింక్ కేబుల్‌ని. బారెడు పొడవు కూడా ఉండను. రెండు కొసలా రెండు పిన్నులు, ఒక్కోటీ ఒక్కో గేమ్‌బాయ్‌లోకి దూరుతుంది. 1989లో జపాన్‌లో గేమ్‌బాయ్ అనే చేతి ఆటయంత్రం అమ్మకానికి వచ్చిన నాటి నుంచీ మా జాతి ఉంది. మొదట్లో మాతో పని పోటీలకే. టెట్రిస్‌లో ఎవరు గెలిచారో తేల్చుకోవడానికి ఇద్దరు పిల్లలు మమ్మల్ని తగిలించుకునేవాళ్లు.

ఆటల రూపకర్త సతోషి తజిరి మాత్రం మమ్మల్ని వేరే కంటితో చూశాడు. టోక్యో శివారు మచిదాలో పురుగుల వెంట పడి తిరుగుతూ పెరిగినవాడాయన. ఊరు పెరిగేకొద్దీ ఆ పురుగులుండే చోట్లు కరిగిపోయాయి. ఒక గేమ్‌బాయ్ నుంచి ఇంకో గేమ్‌బాయ్‌కి నా మీద పురుగు పాకుతూ పోతున్నట్టు ఆయనకు తోచింది. ఆ ఊహే పెరిగి పెరిగి 1996 ఫిబ్రవరి 27న పోకెమాన్ రెడ్, గ్రీన్ అనే రెండు ఆటలుగా బయటికొచ్చింది. ఒకదాంట్లో దొరికే జీవులు కొన్ని రెండోదాంట్లో దొరకవు. అన్నీ కావాలంటే ఇంకో మనిషిని అడగాల్సిందే.

నా పని తీరు కాస్త వివరంగా చెప్పాలి. గేమ్‌బాయ్ ఒక బిట్‌ను బయటికి నెట్టిన క్షణంలోనే అవతలి నుంచి ఒక బిట్ లోపలికొస్తుంది. ముందు ఇచ్చి తర్వాత పుచ్చుకోవడం ఉండదు. రెండు యంత్రాల్లో ఒకటి తాళం వేస్తుంటే రెండోది ఆ తాళానికే నడుస్తుంది, సెకనుకు 8,192 బిట్లు. ట్రేడ్, అంటే జీవుల మార్పిడి, మొదలుకాగానే ఇద్దరి జట్లలో ఉన్న జీవుల వివరాలు, ఒక్కోదానివి 44 బైట్లు, నా మీదుగా దాటిపోతాయి. తర్వాత ఎవరికేది కావాలో బేరం. బేరం కుదిరితే తెర మీద నా బొమ్మే కనిపిస్తుంది, లోపల ఒక బంతి జరుగుతూ పోతుంది. సరిగ్గా అప్పుడు నన్ను పీకితే ఒక్కోసారి జీవి మాయమైపోయేది, ఒక్కోసారి ఒకటి రెండయ్యేది. అందుకే పిల్లలు మోకాళ్లు కూడా కదపకుండా కూర్చునేవాళ్లు.

ఆ ఆటల్లో హాంటర్ అనే దయ్యం ఉంది. ఎంత పెంచినా మీ దగ్గర అది హాంటరే. అవతలివాడి చేతిలో పడ్డాకే గెంగార్ అవుతుంది. తిరిగిస్తాడన్న నమ్మకం ఉంటేనే పంపాలి. పోకెమాన్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే ఆలోచన ఇదే. ఈ వరుస ఎటు ఎదగాలని నన్నడిగితే, ఇక్కడి నుంచే ఎదగాలంటాను.

2006లో డైమండ్, పెర్ల్ వై-ఫైతో వచ్చాయి. అది మంచికే జరిగింది. చుట్టుపక్కల ఆడే తోడు లేని పిల్లలకు ప్రపంచమంతా తోడైంది. కాకపోతే, అడగడం, బతిమాలడం, నమ్మడం పోయాయి. ముక్కూ మొహం తెలియనివాడికి ఒకటి పంపితే ఇంకొకటి వచ్చి పడుతుంది, అంతే. 2022 నవంబరులో స్కార్లెట్, వయొలెట్ వచ్చాయి. నలుగురు కలిసి ఒకే నేల మీద తిరగొచ్చు, కథ మాత్రం ఎవరిది వాళ్లదే. పక్కవాడు లేకపోయినా ఏదీ ఆగదు. దూరాన నడిచే మనుషులు కుదుపులతో కదిలేవాళ్లు, ఆట తడబడేది. అయినా మొదటి మూడు రోజుల్లోనే కోటి ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ అమ్మకాలు చూసి, తొందరపడి ఆట తేవడం తప్పు కాదనుకోకూడదు. 2024లో ప్రధాన ఆటేదీ రాలేదు. అలాంటి విరామాలు ఇంకా కావాలి. 2025లో వచ్చిన లెజెండ్స్ జెడ్-ఏలో వంతులవారీ పోరు పోయి అప్పటికప్పుడు తలపడే పోరు వచ్చింది. దాని మీద నాకు అభ్యంతరం లేదు. నా బెంగ పోరు గురించి కాదు.

నలుగురు కలిసి తిరిగే చోట నలుగురి అవసరమూ ఉండాలి. గుహ పటం ఒకరి తెర మీద, తలుపు ఇంకొకరి తెర మీద ఉండాలి. 1999 నాటి గోల్డ్, సిల్వర్‌లలో నిజమైన గడియారం ఉండేది, రాత్రి జీవులు రాత్రే వచ్చేవి. ఒసాకాలో తెల్లవారుతున్నప్పుడు ఇంకో దేశంలో చీకటి పడుతుంది కదా! ఆ ఇద్దరూ చెయ్యి కలిపితే తప్ప బయటికి రాని జీవి ఒకటుంటే ఎంత బాగుంటుంది! ఎన్ని చేతులు మారినా, మొదట పట్టినవాడి పేరూ నంబరూ జీవితోనే ఉంటాయి. అది చాలదు. దాన్ని పెంచినవాళ్లందరి పేర్లూ వరసగా కనిపించాలి.

ఇంకొకటి అడగాలి. 2002లో రూబీ, సఫైర్ వచ్చినప్పుడు పాత ఆటల జీవులకు దారి మూసుకుపోయింది. రూబీలో పట్టిన జీవి మజిలీ మజిలీగా, జీవులను దాచుకునే ఈనాటి పోకెమాన్ హోమ్ దాకా రాగలదు. ఆ పాత క్యాట్రిడ్జ్‌లలో నేను మోసినవి రాలేవు. వాటి సేవ్‌లను కాపాడేది లోపలున్న చిన్న బ్యాటరీ. గోల్డ్, సిల్వర్‌లలోనైతే అదే గడియారాన్నీ నడపాలి కాబట్టి ఇంకా త్వరగా అయిపోతుంది. బ్యాటరీ పోయిన రోజు ఎవరో పిల్ల పేరు పెట్టి పెంచుకున్న పికాచూ కూడా పోతుంది. కొత్త ఆటకు ముందు ఈ పని చేయండి: పాత క్యాట్రిడ్జ్ నుంచి హోమ్‌లోకి ఒక దారి వేయండి. ఇంకా ఆరని బ్యాటరీలున్నాయి, వాటిని దాచుకున్నవాళ్లూ ఉన్నారు.