ఇల్లరికపు బదనిక

మా అత్తగారు నన్ను బదనిక అన్నారు. ముఖం మీద కాదులెండి. పెరట్లో మామిడిచెట్టెక్కిన మనిషితో, "ఇంటికి పట్టిన బదనిక ఎలాగూ వదలదు, చెట్టుకు పట్టిందైనా పీకెయ్యరా" అన్నారు. వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్న నాకు అక్షరం పొల్లుపోకుండా వినబడింది.

పద్నాలుగేళ్లుగా ఇల్లరికంలో ఉన్నవాణ్ణి, అంత మాటకు ఇల్లు విడిచి వెళ్లిపోతానా? లుంగీ ఎగ్గట్టి పెరట్లోకి వెళ్లాను.

చెట్టు మీద రెండు రకాలున్నాయి. ఒకటి అసలు బదనిక. కొమ్మలోకి వేరు దించి మామిడి నీళ్లు గుట్టుగా లాగేస్తుంది. రెండోది మందపాటి పట్టీల్లాంటి ఆకులతో, లావాటి తెల్లని వేళ్లతో బెరడును కరుచుకుని కూర్చుంది. అది వాండా టెస్సెల్లాటా అనే ఆర్కిడ్. మనవాళ్లకు రెండూ బదనికలే. సంస్కృతంలోనూ 'వందా' అంటే చెట్టు మీద మొలిచే మొక్కే; సంస్కృత పండితుడు విలియం జోన్స్ ఆ మాటే ఈ ప్రజాతికి పేరుగా వాడాడు.

"అత్తయ్యగారూ, ఇది చెట్టును తినదండీ. ఊరికే పట్టుకుని ఉంటుంది. వాననీళ్లు తాగి, ఆకులతో తన వంట తనే వండుకుంటుంది. వేళ్ల మీద ఆ తెల్లటి పొర స్పంజిలా తడిని పీల్చుకుని పచ్చబడుతుంది" అన్నాను. గొంతులో ఆవేశం నాకే ఎక్కువనిపించింది.

"అయితే అద్దేమైనా ఇస్తుందాండీ?" అన్నారావిడ.

దాంతో చరిత్రలోకి దిగాను. మాది సామర్లకోట. రాక్స్‌బరో అనే స్కాట్లాండు వైద్యుడు 1781లో ఇక్కడికొచ్చి, పదేళ్లకు పైగా ఉండి, మొక్కల తోట పెంచి, మన చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795లో మొదలైంది. మొదటి సంపుటిలోనే ఈ మొక్క ఉంది. ఇదంతా చెబితే, పడకకుర్చీలోంచి మావగారు (రిటైరైన సోషలు మేష్టారు) కళ్లు తెరవకుండానే, "ఆయన కూడా 1793లో కలకత్తా వెళ్లిపోయాడండీ, అల్లుడుగారూ" అన్నారు.

ఈలోగా మొక్క ధబ్బున కింద పడింది. నేను దత్తత తీసుకున్నాను.

ఇక నా ఘనకార్యం. కొత్త కుండీ కొన్నాను. నల్లమట్టి నింపి, పశువుల ఎరువు దట్టించి, రెండు పూటలా చెంబెడు నీళ్లు పోసి, ఎండ తగలకుండా వరండాలో పెట్టాను. కొత్తల్లుడికి చేసే మర్యాదలన్నమాట. నెలలోపే వేళ్లు నల్లబడి మెత్తబడ్డాయి. గాలి తగలాల్సిన వేళ్లను మట్టిలో పూడ్చి ఊపిరాడకుండా చేశానని అప్పుడు చదివాను. మందు వాడాక సీసా మీద రాసింది చదివే రకం నేను.

కుళ్లిన వేళ్లు కోసేసి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, కొబ్బరిపీచుతో మళ్లీ ఆ మామిడికొమ్మకే కట్టాను. నీళ్లు పొద్దున్నే చల్లాలి, చీకటి పడేసరికి వేళ్లు ఆరిపోవాలి, ఆకుల నడి మొవ్వులో నీరు నిలవకూడదు. ఆకు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతోందని మురిసిపోకండి. వెలుతురు చాలడం లేదన్నమాట, ఇక పువ్వు పూయదు. నిగనిగలాడుతూ ఏ పనీ చేయకపోవడం నాకు కొత్త సంగతేం కాదు.

రెండో వేసవికి ఒక కాడ వేసి, ఏడు పువ్వులు పూసింది. పసుపు మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదారంగు పెదవి, మంచి వాసన. టెస్సెల్లాటా అంటే లాటిన్‌లో గళ్లగళ్లదని ఇంటిల్లిపాదికీ వివరిస్తుంటే, మా ఆవిడ పువ్వు వంకా నా గళ్ల లుంగీ వంకా మార్చి మార్చి చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడు మామిడి ఎప్పటిలాగే కాసింది. అత్తగారు మొక్క జోలికి మళ్లీ రాలేదు. కరెంటు బిల్లు మావగారే కట్టారు.