చిన్న నోటి చేప, పెద్ద నోటి గురువు

విజయవాడ కోచింగులకి పేరుమోసిన ఊరు. ఇంజనీరింగు సీటుకీ డాక్టరు సీటుకీ తర్ఫీదిచ్చేవాళ్లు సందుకొకరు దొరుకుతారు. ఫీజు అడక్కుండా, శిష్యుడి ఇష్టంతో పనిలేకుండా, కాలువ గట్టున నిలబెట్టి పాఠం చెప్పే గురువు మాత్రం ఒక్కరే. ఆయన గాలం గురువుగారు.

మీరు ఆయన్ని చూసే ఉంటారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై ఊళ్లోంచి పారే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువల్లో ఏదో ఒకదాని గట్టున పొద్దువాలే వేళ కనబడతారు. నెత్తిన చుట్టూ అంచున్న టోపీ. కళ్లకి పోలరైజ్డ్ అద్దాలు. అవి పెట్టుకుంటే నీటిమీది మెరుపు పోయి అడుగున చేప కనిపిస్తుందట. మన కాలువలో బిందె మునిగితే బిందే కనబడదు, అది వేరే సంగతి. ఒంటిమీద నిండా జేబులున్న చొక్కా. ఒక జేబులో కత్తెర, ఒకదాంట్లో పట్టకారు, ఒకదాంట్లో చేపని తూచే డిజిటల్ కాటా. ఆ కాటాలో బ్యాటరీ అయిపోవడమనేది ఇంతవరకూ జరగలేదు.

ఈ జాతి మనకి మొదట్నించీ ఉన్నది కాదు. వెనకటి గాలంవాడు నోరు విప్పేవాడు కాడు. వెదురు కర్ర, నైలాన్ దారం, జీలుగు బెండు, చిన్న సీసం ముక్క, డబ్బాలో వానపాములు. పక్కన చేరి "పడుతున్నాయా?" అని అడిగితే "ఏం పడుతున్నాయిలే" అనేవాడు, బుట్ట మీద తుండు కప్పుతూ. చోటు చెబితే రేపు అక్కడ నువ్వు కూచుంటావు. అదీ వాడి శాస్త్రం.

గురువుగారిది వేరే పుట్టుక. ఆయన అసలు సంగతి తెలియాలంటే అమెరికా దాకా వెళ్లాలి. ఉద్యోగంలోంచి రిటైరైన ఏడాదికే అమ్మాయి పురుటికని భార్యాభర్తలు మిషిగన్ వెళ్తారు. ఆవిడకి అక్కడ చేతినిండా పని. పసిబిడ్డకి నీళ్లు పోయాలి, బాలింతకి పథ్యం వండాలి. ఈయనకేముంది? కారు నడపడం రాదు, నడిచి వెళ్దామంటే టీకొట్టు లేదు. చూసి చూసి జాలిపడిన అల్లుడు ఒక శనివారం సెయింట్ క్లెయిర్ సరస్సుకి తీసుకెళ్తాడు. స్మాల్‌మౌత్ బాస్ అనే చేపకి ఆ సరస్సు పెట్టింది పేరు. అల్లుడు మామగారి చేతికో రాడ్ ఇస్తాడు. కాసేపటికి కిలో పైచిలుకు చేప ఒకటి తగులుకుని, నీళ్లలోంచి నిలువునా లేచి, గాల్లో తల విదిలించి, మళ్లీ పడి రీల్ గిర్రున తిప్పేస్తుంది. ముప్ఫై ఏళ్లు ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన చెయ్యి అది. ఆ రోజు నించి మామగారు మామగారు కారు.

ఆయన్నని లాభం లేదు. ఆ చేప ఎంతో మందిని అలా చేసింది. జేమ్స్ హెన్షాల్ అనే అమెరికా డాక్టరు 1881లో బాస్ చేపల మీద ఏకంగా పుస్తకమే అచ్చేయించి, సైజుకి తగ్గ పౌరుషంలో దాన్ని మించిన చేప లేదని తేల్చాడు. 1955లో డేల్ హాలో అనే జలాశయంలో పడిన 11 పౌండ్ల 15 ఔన్సుల స్మాల్‌మౌత్ ఇప్పటికీ ప్రపంచ రికార్డు. మన లెక్కలో ఐదు కిలోల నాలుగొందల గ్రాములు. గురువుగారు ఈ అంకె చెప్పి ఆగి, మనం నోరు తెరుస్తామేమోనని చూస్తారు. కైకలూరు చెరువుల్లో బొచ్చెలు చూసి పెరిగినవాడు తెరవడు.

వెళ్లేటప్పుడు పెట్టెలో ఆవకాయ, గోంగూర, కందిపొడి. వచ్చేటప్పుడు అదే పెట్టెలో ప్లాస్టిక్ వానపాములు.

ఇది కొంచెం నిదానంగా చదవాలి. కృష్ణా డెల్టాలో అరటిచెట్టు మొదట్లో పలుగు దింపితే గుప్పెడు వానపాములు వస్తాయి. ఆయన వాటి బొమ్మల్ని డాలర్లిచ్చి, సంచుల లెక్కన కొన్నారు. వాటిలో రంగులు: పచ్చగుమ్మడి రంగు, పుచ్చగింజ రంగు. ఇంకొన్నిటికి వెల్లుల్లి వాసన పట్టించారు. సంచీ విప్పగానే గట్టుమీది బజ్జీలబండి అబ్బాయి ఇటు తిరిగి చూశాడు. "వెల్లుల్లి పెట్టిన వానపామా అండీ? ఉప్పూ కారం కూడా వేస్తారా?" గురువుగారు ఇలాంటివాటికి జవాబివ్వరు. గురుత్వానికి ముందుండే లక్షణం అదే.

ఆయన వెతికేది కొత్తవాణ్ణి. ఆన్‌లైన్‌లో చవగ్గా రాడ్, రీల్ కలిపి తెప్పించుకుని, దారం ఎటునించి ఎక్కించాలో తెలీక తికమకపడుతుండే కుర్రాడు. వాణ్ణి అర ఫర్లాంగు దూరం నించి పసిగడతారు.

"చూడమ్మా, కొత్తా?"

"అవునంకుల్."

"రాడ్ ఆరున్నర అడుగులు. ఫరవాలేదు. రీల్? 2500 సైజు, సరే. లైను ఎంత? ఆరు నించి ఎనిమిది పౌండ్లు దాటకూడదు. మంచినీళ్లలో లావు దారం వేస్తే చేప చూసేస్తుంది. రాళ్ల పక్కన వెయ్. అడుగున తగిలేట్టు మెల్లిగా లాగు."

"ఇక్కడ రాళ్లు లేవు కదంకుల్?"

"ఉండాలి."

కుర్రాడు కాలువ వైపు చూశాడు. గుర్రపుడెక్క, దాని మీద కొబ్బరిబోండాం, దాని మీద కాకి.

"స్మాల్‌మౌత్‌కీ లార్జ్‌మౌత్‌కీ తేడా తెలుసా? పైదవడ కంటి కింద ఆగిపోతే స్మాల్‌మౌత్. కన్ను దాటి వెనక్కి పోతే లార్జ్‌మౌత్."

కుర్రాడు మర్యాదగా తలూపి, గురువుగారి దవడ ఎక్కడిదాకా వచ్చిందో చూశాడు.

"ఆ రెండూ మన దగ్గర ఉండవు కదంకుల్?"

"ఉండవు. ఉంటే ఎలా పట్టాలో చెప్తున్నా."

ఆయన్ని దొంగగురువు అనడానికి నాకు మనసొప్పదు. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. స్మాల్‌మౌత్ చల్లటి, తేటనీటి చేప. రాళ్లూ గులకా ఉన్న చోట తిరుగుతుంది, రాళ్ల సందుల్లో ఉండే క్రేఫిష్ అనే జీవి దానికి ఇష్టం. అది మన రొయ్యకీ పీతకీ నడిమి రకంగా ఉంటుంది. ఎరలన్నీ ఆ రూపంలో చేసేదీ, అడుగునే ఈడ్చేదీ అందుకే. చెప్పే మనిషి సరైనవాడే, చెప్పే మాటా సరైనదే. నీళ్లు మాత్రం పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఉన్నాయి.

మన కాలువ దొర కొర్రమీను. తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకుంది, మనం అన్నంలో పెట్టుకున్నాం. అది గాలి పీల్చే చేప. మధ్యమధ్య పైకొచ్చి గుటక వేసి పోతుంది, ఆ బుడగే దాని చిరునామా. గుర్రపుడెక్క నీడన, తూడు సందుల్లో నక్కి, పైన కదిలేదాని మీద ఒక్క ఉదుటున పడుతుంది. దానికి ఎనిమిది పౌండ్ల దారం ఎంత? కుర్రాడికి ఆ సాయంత్రమే ఒకటి తగిలింది. తగిలీ తగలగానే నాచులో దూరి రెండు చుట్లు తిరిగింది. దారం టప్పున తెగింది. పుచ్చగింజ రంగు వానపాముతో సహా కొర్రమీను వెళ్లిపోయింది.

"డ్రాగ్ చూసుకోలేదు నువ్వు," అన్నారు గురువుగారు. రీల్ బిగువుని ఆయన డ్రాగ్ అంటారు.

ఇక్కడి కుర్రాళ్లు దానికి వేరే సరంజామా కనిపెట్టుకున్నారు. బోలుగా ఉండే రబ్బరు కప్ప. దాని రెండు కొక్కేలూ వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కాబట్టి నాచు మీంచి జారిపోతుంది, చిక్కుకోదు. ముప్ఫై, నలభై పౌండ్ల అల్లిక దారం. బిగువైన ఏడడుగుల రాడ్. కప్ప మీద కొర్రమీను పడగానే లాగితే కప్ప ఒక్కటే వెనక్కొచ్చి మొహానికి తగులుతుంది. క్షణం ఆగాలి, నోట్లోకి పూర్తిగా తీసుకోనివ్వాలి. ఈ ఆగడం గురువుగారికి బాగా నచ్చింది, ఎందుకంటే అల్లుడు అక్కడ సెకన్లు లెక్కపెట్టడం నేర్పాడు. "వన్ మిసిసిపీ, టూ మిసిసిపీ అనుకుని అప్పుడు లాగు" అన్నారు. గట్టుమీద కూచున్న పెద్దాయన బీడీ తీసి, "మీరు మిసిసిపీ అనేలోగా అది మచిలీపట్నం చేరుద్దండీ" అన్నాడు.

గురువుగారికి సిద్ధాంతాలు కూడా ఉన్నాయి. 2015లో పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీళ్లొచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిశాక, ఇక పులస కూడా మనకి వస్తుందని ఆయన గాఢ నమ్మకం. పులస సముద్రంలోంచి గోదావరికి ఎదురీదే చేప. అది ధవళేశ్వరం ఆనకట్ట దాటి, పట్టిసీమలో 24 పంపుల్లో ఏదో ఒకదాంట్లోంచి ముక్కలవకుండా బయటపడి, కాలువ వెంట ఇటొచ్చి, కృష్ణలంకలో ఈయన గాలానికి తగలాలి. అంత దూరం వచ్చిన చేపని పట్టడం కాదు, సన్మానం చెయ్యాలి.

అల్లుడికి ఫోటో పంపాలన్న యావ ఒకటుంది. "మనకీ బాస్ ఉంది, పండుగప్ప" అని ఒకరోజు నాగాయలంక బయల్దేరారు. పండుగప్ప ఉప్పుటేరుల చేప. ఇంగ్లీషు పేరులో సీబాస్ అని ఉన్నా మిషిగన్ బాస్‌కీ దీనికీ చుట్టరికం లేదు, రెండింటివీ వేరు కుటుంబాలు. చిన్నప్పుడు మగగా ఉండి, పెద్దయ్యాక ఆడగా మారే చిత్రమైన చేప. సముద్రం పోటు మీదుండగా ఏటి మొగల్లో గట్టిగా లాగుతుంది, ఆ మాట నిజం. సాయంత్రానికి అల్లుడికి ఫోటో వెళ్లింది: ఒక చేతిలో రాడ్, ఒక చేతిలో మూడు కిలోల పండుగప్ప. నిమిషంలో జవాబొచ్చింది. "సూపర్ మామయ్యగారూ. చేప మీద ఐసు ముక్కలున్నాయి, దులపండి."

ఎండాకాలం ఆయనకి గడ్డుకాలం. డెల్టా కాలువలు కట్టేస్తారు, అడుగు కనబడుతుంది. మిగిలిన గుంటల్లో పిల్లలు మోకాళ్ల లోతున దిగి చేతుల్తో చేపలు పట్టి గట్టు మీదికి విసురుతుంటారు. గురువుగారు పైన నిలబడి "అది పద్ధతి కాదు నాన్నా" అంటుంటారు. పిల్లలు ఆయనకీ నాలుగు ఇస్తారు.

ఇక పట్టిన చేపని వదిలేయడం. దీన్ని క్షమించడం గట్టుకి ఇప్పటికీ చేతకాలేదు. మిషిగన్‌లో లైసెన్సు లేందే గాలం వేయకూడదు. పద్నాలుగు అంగుళాల కన్నా చిన్న బాస్‌ని ఉంచుకోకూడదు, రోజుకి ఐదు మించకూడదు. అల్లుడైతే అసలేదీ ఉంచుకోడు. గురువుగారు ఆ నియమం తెచ్చి ఇక్కడ పాటిస్తారు. ఒకసారి చేయంత జిలేబి చేప పడింది. కాటా తీశారు, తూచారు, ఫోటో దిగారు, తడిచేత్తో పట్టుకుని నీళ్లలోకి జారవిడిచారు. వెనక మూగినవాళ్లలో ఒక ముసలమ్మ ఉలిక్కిపడి, "అదేం పనయ్యా, పులుసుకొచ్చేది గదా!" అంది. మరునాడు ఆయన గాలం వేసిన చోటుకి కాస్త దిగువన ఇద్దరు పిల్లలు విసురువలతో కాపు కాశారు.

నన్నడిగితే ముసలమ్మదే న్యాయం. జిలేబి మన చేప కాదు, 1952లో దేశంలోకి తెచ్చింది. ఎక్కడ వేస్తే అక్కడ పిల్లలు పెట్టి, మన పరిగెలకీ కొర్రమీనుకీ చోటు లేకుండా చేసింది. మన కాలువలో వదిలేయక్కర్లేని చేప ఏదైనా ఉంటే అదే. దాన్ని పులుసులోకే వదలాలి.

కానీ ఇంకొకసారి ఆయనే గెలిచారు. తొలకరి దాటి వానలు ఊపందుకున్న రోజులు. ఏటిగట్టు పక్క మడుగులో నీటిమీద ఎర్రటి నలుసుల గుంపు ఒకటి మెల్లిగా కదులుతోంది. కొర్రమీను పిల్లలు. కింద తల్లీ తండ్రీ రెండూ కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్య ఏది పడినా, ఆకలి లేకపోయినా, కోపంతో కొడతాయి. అందుకని అంతకంటే తేలిగ్గా కొర్రమీను దొరికే అదను ఉండదు. కుర్రాడు అప్పటికి కప్పా, లావు దారమూ సంపాదించాడు. విసరడానికి చెయ్యెత్తాడు. గురువుగారు వచ్చి రాడ్ పట్టుకున్నారు. మిసిసిపీ లేదు, మిషిగన్ లేదు. "వద్దురా. అవి పిల్లల తల్లులు," అన్నారు. స్మాల్‌మౌత్ కూడా అంతే. అందులో తండ్రి చేప గూడు కట్టి, గుడ్లకీ పిల్లలకీ కాపలా ఉంటుంది. ఆ సంగతి ఆయన అక్కడ చూసొచ్చారు. పెద్ద కొర్రమీను రెండూ పోతే ఆ ఎర్రగుంపుని జిలేబీలూ కొంగలూ సాయంత్రానికి మిగల్చవు. కుర్రాడు చెయ్యి దించాడు. పెట్టెడు సామాను మోసుకొచ్చిన ప్రయాణంలో మన కాలువకి పనికొచ్చింది ఆ ఒక్క ముక్క.

కొత్తగా గాలం పట్టేవాళ్లకి ఒక మాట. గురువుగారు కనబడితే తప్పించుకోకండి, వినండి. కొక్కెం నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందనీ, ఒకటి దాటాక సున్నాలతో వచ్చేవి మళ్లీ పెద్దవవుతాయనీ ఆయన చెప్పేది నిజం. ముడి బిగించే ముందు దారాన్ని ఉమ్మితో తడపమనడం నిజం, లేకపోతే రాపిడికి బలం పోతుంది. డ్రాగ్ దారం బలంలో మూడోవంతు మించకుండా పెట్టమనడమూ నిజమే. ఏ దారం, ఏ ఎర, ఏ చోటు అన్నది మాత్రం బీడీ పెద్దాయన్ని అడగండి. వానాకాలంలో నీటిమీద ఎర్రగుంపు కనబడితే గాలం చుట్టేసి ఇంకో చోటు చూసుకోండి. తెగిన నైలాన్ దారం గట్టున పారేయకండి, కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది.