ఉప్పల్ వాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

మంచి రోజులు వస్తాయన్న నమ్మకంతో ఇల్లు కొనకండి. చెడ్డ వాన వస్తుందన్న నమ్మకంతో కొనండి. నాచారంలోనో రామంతాపూర్‌లోనో ఫ్లాట్ చూడటానికి వెళ్లినప్పుడు వాస్తు, పార్కింగ్ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ గల్లీలో పాతకాపు ఎవరో కనుక్కుని, 2020 అక్టోబర్ 13 రాత్రి నీళ్లు ఎంతదాకా వచ్చాయని అడగండి. ఆ ఒక్కసారికే మనకు తూర్పున ఉన్న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది, బేగంపేటలో 19. అది మళ్లీ రాదని బిల్డర్ చెబితే వినకండి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఆ తేమంతా ఎక్కడో ఒకచోట కురవాల్సిందే.

అశుభం మాట్లాడకని ఇంట్లో పెద్దవాళ్లు మందలిస్తారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట దాటండి. మన నగరానికి జరిగిన గొప్ప మేలు ఒకటి భయంలోంచే పుట్టింది. 1908 సెప్టెంబర్‌లో మూసీ వేలమందిని పొట్టన పెట్టుకుంది. నూరేళ్లకోసారి వచ్చేదేలే అని నిజాం సర్కారు ఊరుకోలేదు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. అంతటి వరద మళ్లీ వస్తుందన్న లెక్కతోనే ఆయన నగరానికి ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదకు భయపడి కట్టిన ఆ రెండు చెరువులే తరాలపాటు హైదరాబాద్ దాహం తీర్చాయి.

రెండో సలహా తల్లిదండ్రులకు. భూమి ఏమైపోతుందోనని దిగులుపడే పిల్లల్ని ఓదార్చకండి. "మేం పెద్దయ్యేసరికి బతకనిస్తుందా?" అని పదో తరగతి పిల్ల అడిగితే, అంతా బాగుంటుంది తల్లీ అని తల నిమరొద్దు. అబద్ధమని వాళ్లకు తెలిసిపోతుంది, ఆ తర్వాత మీ మాట నమ్మరు. దానికి బదులు దివిసీమ సంగతి చెప్పండి. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెనలో దాదాపు పదివేల మంది కొట్టుకుపోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. ప్రాణాలు పోయినవాళ్లు మాత్రం పదుల్లోనే ఉన్నారు. రెండు తుపానులూ ఒకటి కావు, ఉప్పెన ఎత్తూ ఒకటి కాదు. కానీ ఈ రెంటి మధ్యా మనుషులు నేర్చుకున్నది చాలా ఉంది: ముందే అందిన హెచ్చరిక, ముందే ఖాళీ అయిన ఊళ్లు. గాలి జోరును ఎవరూ తగ్గించలేదు. ముందే హెచ్చరించి ఊళ్లు ఖాళీ చేయించేవాళ్లలో ఆ పిల్లా ఒకరు కావచ్చని చెప్పండి. ఆమెకు కావాల్సింది అదే.

మూడోది: డాబాకు తెల్ల రంగు వేయించండి, కానీ భూగోళం కోసం వేయించకండి. నా ఒక్కడి డాబా తెల్లబడితే ప్రపంచం చల్లబడుతుందా అని అడుగుతారు. చల్లబడదు. దాని కింద పడుకునే మనిషికి మాత్రం చల్లబడుతుంది. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు 2,000 మంది చనిపోయారు. ఎండన పడి పనిచేసే కూలీలు, ముసలివాళ్లు అందులో ఎక్కువ. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, మంచి పని. అయితే ఇళ్ల విషయంలో అది తప్పనిసరి అయింది 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే. నాచారం పారిశ్రామికవాడ చుట్టూ షిఫ్టు దిగివచ్చి పడుకునే కార్మికుల రేకుల గదులు ఆ లెక్కలోకి రావు. నిప్పు కురిసేది అక్కడే. కిరాయికి ఇచ్చిన రేకుల గదులు మీకుంటే, మీ డాబా సంగతి తర్వాత, ముందు ఆ రేకుల మీద తెల్ల రంగు వేయించండి. ఖర్చు కిరాయిలో కలపకండి. ఈ మాట వేడుకుంటూ చెబుతున్నాను.

ఇక పోయిన చెరువుల కోసం ఏడవడం ఆపండి. మిగిలినదాని కొలతలు కంఠతా పట్టండి. పక్కనే అంబర్‌పేటలో బతుకమ్మకుంట పాత లెక్కల్లో 14 ఎకరాలు. మిగిలింది 5 ఎకరాల చిల్లర, అదీ పిచ్చిచెట్లు, మట్టి కుప్పల కింద. 2025లో ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్విస్తే నీళ్లు పైకి ఊరాయి. తొమ్మిదెకరాలు పోయాయి, అవి తిరిగి రావు. ఆ సంగతి దాచకూడదు. కానీ కుంట ఇక్కడే ఉందని ఏళ్లతరబడి వదలకుండా అడిగినవాళ్లు లేకపోతే ఆ ఐదూ దక్కేవి కావు.

ఉప్పల్ నల్లచెరువుకు, నాచారం పెద్దచెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం) హద్దు ఎక్కడుందో, ఏ నాలా వచ్చి కలుస్తుందో, అలుగు ఎటు పోతుందో మీ కాలనీలో నలుగురికైనా తెలిసి ఉండాలి. నాలాల పూడిక గురించి మున్సిపల్ ఆఫీసులో ఏప్రిల్‌లోనే రాతపూర్వకంగా అడగండి. మట్టి తీసి గట్టునే పోసిపోతే తొలి వానకే మళ్లీ లోపలికి జారుతుంది, కాబట్టి లారీ ఎక్కేదాకా అక్కడే నిలబడండి.