సెరెనా సంపాదన, మనోడి జీతం

న్యూజెర్సీలోని ఐసెలిన్ ఓక్ ట్రీ రోడ్డులో దోసె తింటూ పిల్లాడు ‘సినిమా చదువుతా’ అన్నాడంటే, ఇంటాయన చేతిలో ముక్క అక్కడే ఆగుతుంది. వాడు ఊరుకోడు. ప్రైవేటు మీడియా కాలేజీ చూపించిన సగటు జీతం అంకె చదివి వినిపిస్తాడు. నాన్నగారు మెత్తబడేది ఆ అంకె దగ్గరే.

ఆ అంకెలు ఎలా తయారవుతాయో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్ కథ చెబుతుంది. ఆ గొలుసు కాలేజీల ఫ్లోరిడా శాఖ ఒకటి, పట్టభద్రుల సగటు జీతంలో టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ సంపాదన కూడా కలిపేసిందని అమెరికా విద్యాశాఖే తేల్చింది. ఆవిడ రాకెట్ ఊపితే యానిమేషన్ కుర్రాడి జీతం పెరిగిందన్నమాట! (వాడికి మాత్రం ఆ సంగతి తెలియదు, పాపం.)

2023 సెప్టెంబరు 30న ఆ గొలుసులో మిగిలిన 8 క్యాంపస్‌లకూ తాళం పడింది. పిల్లలకు కబురందింది వారం ముందు. 2024 మేలో ప్రభుత్వం 3.17 లక్షల మంది పాత విద్యార్థుల అప్పు 610 కోట్ల డాలర్లు రద్దు చేసింది. శుభం కార్డు పడిందనుకునేరు! అది అమెరికా ప్రభుత్వ రుణం. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాడికి ఆ అప్పే పుట్టదు, ఇక మాఫీ ఎక్కడిది? వాడి చదువు అప్పుకు గుంటూరులో ఇంటి కాగితాలు పెట్టుకున్న బ్యాంకు సెరెనా ఎవరని కూడా అడగదు.

అయ్యా, అమ్మా, ఫీజు కట్టే ముందు ఒక్క మాట అడగండి: ‘ఈ సగటులోంచి టెన్నిస్ ఆడేవాళ్లను తీసేస్తే ఎంత?’