తాళం కంటికి కనిపించే రోజులు

మొన్న దసరాకి వచ్చిన మా మనవడు అటక మీది అట్టపెట్టె ఒకటి దించాడు. ఎండిపోయిన ఇంకు డబ్బాలూ, ఎలుకలు కొట్టిన రసీదు పుస్తకాలూ ఉన్న పెట్టె. అందులోంచి అగ్గిపెట్టెంత బూడిదరంగు డబ్బీ ఒకటి తీశాడు. ఒక పక్క రెండు వరసల పిన్నులు, ఒక వరసలో 13, ఇంకో వరసలో 12. రెండో పక్క అన్నే చిల్లులు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటి తాతయ్యా?" అన్నాడు. వాడిది హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, ఏడేళ్ళ సర్వీసు.

"తాళంరా," అన్నాను.

"దేనికి?"

"తెలుగుకి."

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 1997లో తెనాలి గంగానమ్మపేటలో మా ప్రెస్సులో మొదటి కంప్యూటరు పెట్టినప్పుడు తెలుగు ఫాంట్ల కోసం కట్టిన డబ్బుతో మంచి పాడిగేదె వచ్చేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఫ్లాపీలతో పాటు ఈ డబ్బీ ఇచ్చారు. కంప్యూటరు వెనక ప్రింటరు తీగ గుచ్చేచోట ముందు దీన్ని గుచ్చాలి, దీని వెనక ప్రింటరు తీగ గుచ్చాలి. ఇది లేకపోతే తెలుగు పలకదు. అమ్మినవాళ్ళు డాంగిల్ అన్నారు. డీటీపీ చేసే మేమంతా లాక్ అనే అన్నాం.

ఆ మరుసటేడు మాఘమాసంలో, శుభలేఖల రోజుల్లో, ఊడ్చే కుర్రాడు బల్ల జరపబోయి లాక్ లాగాడు. పిన్ను వంగింది. చేతి గోళ్ళతో నిలబెట్టబోయాను, విరిగింది. కొత్తది పంపమంటే పాతది ముందు పంపమన్నారు. తొమ్మిది రోజులు. గుమ్మంలో పెళ్ళివారు, లోపల నోరు పెగలని కంప్యూటరు. అప్పటికింకా సీసం అక్షరాలు అమ్మెయ్యలేదు కాబట్టి బతికిపోయాను. దుమ్ము పట్టిన కేసులు దించి, ఆ తొమ్మిది రోజులూ శుభలేఖలన్నీ చేత్తో కంపోజు చేశాను.

"ఇప్పుడలాంటివేం లేవు తాతయ్యా, అంతా లాగినే," అన్నాడు మావాడు ఓదారుస్తున్నట్టు.

అదేరా నా ఏడుపు.

మా రోజుల్లో, అంటే ఈ లాక్ కంటే ముందు రోజుల్లో, 1968లో నేను పదహారేళ్ళ వయసున కంపోజింగ్ స్టిక్కు పట్టినప్పుడు, అక్షరాలు కిలోల లెక్కన కొనేవాళ్ళం. సీసం, కాస్త ఆంటిమొనీ, కాస్త తగరం కలిపి పోసిన అక్షరాలు. డబ్బిచ్చి తెచ్చుకున్నాక అవి మావి. వాటితో భాగవతం వేస్తావా, సినిమా పాటల పుస్తకం వేస్తావా అని ఫౌండ్రీవాడు అడగలేదు. పేజీ మధ్యలో 'ద'లు అయిపోయాయనుకోండి, 'ధ' తీసుకుని కింద వేలాడే గీతని ఆకురాయితో రెండు రుద్దులు రుద్దితే 'ద' అయి కూచునేది. 'ళ'లు చాలకపోతే పక్క ప్రెస్సు నుంచి దోసెడు అరువు. అరిగిపోయినవి మూటగట్టి పంపితే కరిగించి కొత్తవి పోసిచ్చేవాడు, కూలి మాత్రం తీసుకుని. వేళ్ళకి సీసం నలుపు, మధ్యాహ్నం అన్నం ముందు చింతపండుతో తోముకోవడం, అదంతా హాయని అనను. చూపు దెబ్బతిన్న కంపోజిటర్లని చూశాను. కానీ మా పనిముట్టు లోపల ఏముందో మాకు తెలుసు.

ఇదే బాధ పడ్డ మా బాపతు మనిషి అమెరికాలో ఒకడున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రిచర్డ్ స్టాల్‌మన్. ఎంఐటీలో కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసేవాడు. అక్కడి ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే ఆ కబురు అందరి తెరల మీదికీ పంపేలా పాత ప్రింటరు ప్రోగ్రాముని తనే మార్చుకున్నాడు. తర్వాత జిరాక్స్ వాళ్ళు ఒక లేజరు ప్రింటరు ఇచ్చారు. అదీ కాగితం మింగేది. ఈసారి ప్రోగ్రాము మూలం ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గరుందని తెలిసి వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడట. చూశారా, మొత్తం గొడవ ఇరుక్కున్న కాగితం దగ్గర మొదలైంది! ట్రెడిల్ మిషను ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డవాడికి ఈ మంట వేరే చెప్పాలా? మా మిషనులో కాగితం ఇరుక్కుంటే మూత తీసి, స్క్రూ వదులు చేసి, మళ్ళీ బిగించేవాళ్ళం. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్ గ్నూ పేరుతో కొత్త ఆపరేటింగ్ వ్యవస్థ కడతానని ప్రకటించాడు. వాడుకునే స్వేచ్ఛ, విప్పి చూసి మార్చుకునే స్వేచ్ఛ, పంచే స్వేచ్ఛ, మార్చినదాన్ని పంచే స్వేచ్ఛ అని తర్వాత నాలుగు చెప్పాడు. సున్నా నుంచి లెక్కపెడతాడు, ప్రోగ్రామర్ల తిక్క. ఇంగ్లీషులో 'ఫ్రీ' అనేసరికి జనం ఉచితమనుకుని తికమకపడ్డారు. మనకా తంటా లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. ఉచితం సంగతి ఎన్నికలప్పుడు చూసుకోవచ్చు. ఆ స్వేచ్ఛల్లో మొదటి రెండూ నేను ఆకురాయి పట్టి అనుభవించినవే.

మా మేనల్లుడు విజయవాడలో ఫ్లెక్సీలు డిజైను చేస్తాడు. డిజైను సాఫ్ట్‌వేరుకి నెలనెలా కడతాడు, పాలవాడికి కట్టినట్టు. పాలవాడయితే పాలు పోస్తాడు, డబ్బు ఆపితే నిన్న పోసిన పాలు తిరిగి లాక్కోడు. వీడు కట్టడం ఆపితే తను చేసిన బొమ్మ తను తెరవలేడు! అడోబీ వాళ్ళు 2013లో కొత్త సరుకంతా చందా పద్ధతికి మార్చేశారు. నేను వాళ్ళదే పేజ్‌మేకరు చివరి కూర్పు, 2001లో వచ్చిన 7.0, ప్రెస్సు మూసేదాకా నడిపాను. కంపెనీ దాన్ని వదిలేసినా అది నన్ను వదల్లేదు.

పుస్తకాల సంగతి ఇంకా వింత. 2009 జులైలో అమెజాన్ వాళ్ళు కిండిల్లో జనం కొనుక్కున్న పుస్తకాల్ని రాత్రికి రాత్రి తీసేశారు. అమ్మినవాడికి హక్కుల్లేవని తేలిందట. డబ్బు వెనక్కిచ్చారు, తర్వాత క్షమాపణా చెప్పారు. పోయినవేమిటంటారా? జార్జ్ ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫామ్'. కల్పించి రాస్తే మరీ అతిగా ఉందని నేనే కొట్టేసి ఉందును. నేను అచ్చేసిన ఎక్కాల పుస్తకంలో తప్పు దొర్లితే (దొర్లింది, పదమూడో ఎక్కంలో) ఊరూరా తిరిగి పిల్లల పెట్టెల్లోంచి తీసుకురాగలనా? చీటీ అచ్చేసి బడులకి పంపాను. ఏది తప్పో, ఏది దిద్దుబాటో రెండూ జనం దగ్గరే ఉన్నాయి.

ఎమర్జెన్సీలో గుంటూరు వారపత్రిక ఒకటి మా ప్రెస్సులో అచ్చయ్యేది. అప్పుడు నేనింకా జీతగాణ్ణే. ప్రూఫులు పట్టుకుని సెన్సారు ఆఫీసరు దగ్గరికి వెళ్ళేది నేనే. ఆయన ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవాడు. కొట్టేసిన వరసలు ఊడదీసి ఆ చోటు ఖాళీగా వదిలేవాళ్ళం. పాఠకుడు ఆ తెల్లని చోటు చూసి, ఇక్కడేదో ఉండేదని తెలుసుకునేవాడు. 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటుని తెల్లగా వదిలింది గదా, ఆ ఖాళీని ఇప్పటికీ తలుచుకుంటాం. కొన్నాళ్ళకి, తెల్లగా వదలడం కూడా కుదరదు, వంకాయ సాగు గురించి నింపండి అన్నాడు మా ఆఫీసరు. నింపాం. అయినా కొట్టేసిన మనిషెవరో నాకు తెలుసు, ఆయన పెన్సిలు తెలుసు. ఇప్పుడు ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద, చట్టంలో చెప్పిన కారణాలు చూపి, ప్రభుత్వం ఇంటర్నెట్టులో రాతని ఆపించొచ్చు. 2009 నాటి నిబంధనల ప్రకారం వచ్చిన ఫిర్యాదూ, తీసుకున్న చర్యా రహస్యంగా ఉంచాలి. 2015లో సుప్రీంకోర్టు అదే చట్టంలో అభ్యంతరకర సందేశాలకి శిక్ష వేసే 66ఏ సెక్షన్ కొట్టేసినప్పుడు సంతోషించాను. అదే తీర్పులో 69ఏ నిలబడింది. నిన్న చదివిన రాత ఇవాళ ఉండదు. తెల్ల చోటూ ఉండదు, వంకాయలూ ఉండవు.

ఇంకోటి. 1867 నాటి చట్టం 2024లో రద్దయ్యేదాకా, దాని ప్రకారం పుస్తకమైనా కరపత్రమైనా ముద్రించినవాడి పేరూ ఊరూ వెయ్యాల్సి ఉండేది. గ్రామ దేవత జాతర కరపత్రం కింద కూడా మా ప్రెస్సు పేరు ఉండేది. పోలీసులు రావాలంటే తిన్నగా నా దగ్గరికి రావచ్చు, రెండుసార్లు వచ్చారు కూడా. ఇవాళ మా ఆవిడ ఫోనుకి పొద్దున్నే వచ్చే వైద్య సలహాల కింద ఏ ప్రెస్సు పేరుంది?

సరే, మేమేదో సత్యహరిశ్చంద్రులమని కాదు. లాక్ విరిగాక రెండో కంప్యూటరుకి నేనూ లాక్ పగలగొట్టిన సీడీయే వాడాను. ఊళ్ళో డీటీపీ సెంటర్లన్నీ అంతే, ఒకరికొకరం కాపీ చేసుకున్నాం. అప్పట్లో పీసీ క్వెస్ట్ పత్రికతో ఆ గ్నూ బాపతు లైనక్స్ సీడీ వచ్చేది, హాయిగా కాపీ చేసి పంచుకోండని వాళ్ళే చెప్పేవాళ్ళు. దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. దొంగతనం చెయ్యక్కర్లేని వస్తువు చేతిలో ఉండగా దొంగవస్తువు వెతుక్కున్న తెలివి నాది. అందులో తెలుగెక్కడిదని ఇప్పుడు వాదిస్తాను గానీ, నిజం చెప్పాలంటే తెరిచి కూడా చూడలేదు.

తెలుగు సంగతి కొస్తే మేం చేసిన పాపం ఇంతా అంతా కాదు. ఆ రోజుల్లో ఫాంటులో 256 గళ్ళు. అందులో ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట ఒకడు తలకట్టు పెట్టాడు, ఇంకొకడు వట్రసుడి పెట్టాడు. ఒకడి ఫాంటులో కొట్టింది ఇంకొకడి ఫాంటులో తెరిస్తే పిచ్చి రాత. దినపత్రికలు కూడా వెబ్‌లో ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకున్నాయి. అన్ని భాషల అక్షరాలకీ ఒకే లెక్కయిన యూనికోడ్‌లో తెలుగుకి 128 చోట్లు 1991లోనే కేటాయించినా, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేదాకా మాలాంటివాళ్ళకి ఆ మాటే తెలీదు. తెలిశాక కూడా మేం కదల్లేదు. కదిలింది ఎవరనుకున్నారు? జీతం లేని మనుషులు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి అందరికీ వదిలేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన వెన్న నాగార్జునే, పత్రికల పిచ్చిరాతని యూనికోడ్‌గా మార్చే 'పద్మ' కూడా చేశాడు. వీవెన్ 2006లో 'లేఖిని' పెట్టాడు, ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే తెలుగు పడేది. వీళ్ళెవరూ డబ్బీ గుచ్చమనలేదు. నేను మాత్రం, కుర్రాళ్ళ సరదా, రెండేళ్ళలో మూలపడుతుంది అన్నాను. మూలపడింది నా ప్రెస్సు. 2014లో మూశాను. అక్కడిప్పుడు సెల్లు రిపేరు కొట్టుంది, అదీ కంపెనీ విడిభాగం అమ్మితేనే.

దసరా సెలవుల్లోనే మా తెలుగు మాస్టారి అబ్బాయి వచ్చాడు. మాస్టారు తెనాలి చుట్టుపక్కల ఊళ్ళ పేర్ల మీద పుస్తకం రాస్తే 1999లో నేనే అచ్చేశాను, 300 కాపీలు. వాళ్ళింట్లో కాపీ చెదలు తినేసింది. "బాబాయి గారూ, కంప్యూటరులో ఉండాలి కదా," అన్నాడు. ఉంది. సీడీ ఉంది, ఫైలు ఉంది, లాక్ కూడా ఉంది. కానీ ఆ లాక్ గుచ్చే చిల్లున్న కంప్యూటరు ఇప్పుడు మా ఇంట్లో లేదు. మావాడు ఎలాగో ఫైలు తెరిచాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, టోపీలు. మాస్టారి పదేళ్ళ పని. అలా చూస్తుంటే కడుపులో తిప్పింది.

మావాడు ఒక రాత్రి కూచుని మార్పిడి ప్రోగ్రాము పట్టుకొచ్చాడు. మూలం బయటపెట్టిన ప్రోగ్రామట, మా ఫాంటు లెక్కకి తగ్గట్టు వాడే కొన్ని వరసలు మార్చుకున్నాడు. ఆకురాయి పట్టినట్టే. పొద్దున్నకి తెలుగు వచ్చింది. వచ్చింది గానీ ఒత్తులూ వట్రసుళ్ళూ సగం మింగేసింది. దుగ్గిరాల 'దుగిరాల' అయింది, కొల్లిపర 'కొలిపర' అయింది. అమృతలూరు 'అమతలూరు'. ఊళ్ళ పేర్ల పుస్తకంలో ఊళ్ళ పేర్లు తప్పులు! కాగితం మీద తీయించి పెన్సిలు చెక్కి కూచున్నాను. పన్నెండు రోజులు పట్టింది. మావాడు వెళ్ళిపోయాక ఫోనులో ఫొటోలు తీసి పంపేవాణ్ణి, వాడు రాత్రుళ్ళు దిద్దేవాడు.

చివరి పేజీ దగ్గర వాడు ఫోను చేశాడు. "తాతయ్యా, కింద ప్రెస్సు పేరేం వెయ్యమంటారు?"

"ప్రెస్సెక్కడిదిరా ఇంకా?"

"వెయ్యాలని మీరేగా అన్నారు."

మాస్టారి అబ్బాయిని అడిగితే, నాన్నగారుంటే ఎవరైనా వేసుకోండనేవారు అన్నాడు. సాయంత్రందాకా ఆలోచించి పెన్సిలుతో రాసి ఫొటో పంపాను: అక్షరాలు పోతనవి. దిద్దినవాళ్ళు తాతా మనవలు, తెనాలి, హైదరాబాదు. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, తప్పులుంటే దిద్దుకోవచ్చు.

ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. "దిద్దినవాళ్ళు అన్నచోట 'ద' ఒత్తు మీరే మింగేశారు తాతయ్యా. దిద్దేశాను."